నదిలో హార్మోన్లు, కోర్టులో బిల్లు: యూరప్ పక్కన పెట్టిన ఒక పరిమితి కథ

యూరప్‌లో మురుగునీటి శుద్ధి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగాదా కోర్టుకెక్కింది. పట్టణ మురుగునీటిపై యూరోపియన్ యూనియన్ తెచ్చిన కొత్త చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పెద్ద నగరాల శుద్ధి కేంద్రాల్లో ఇప్పుడున్న మూడు దశలకు నాలుగోది చేర్చాలనీ, మందుల అవశేషాలను, హార్మోన్లను ఆ దశలోనే తొలగించాలనీ అది చెబుతోంది. ఆ ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సాధనాలు అమ్మే కంపెనీలే భరించాలి. ఔషధ పరిశ్రమ సంఘం ఈఎఫ్‌పీఐఏ, కొన్ని కంపెనీలు 2025 మార్చిలో దీన్ని సవాలు చేశాయి. పోలండ్ ప్రభుత్వం కూడా వేరుగా కోర్టుకు వెళ్లింది.

అప్పటి నుంచి వస్తున్న వార్తలన్నీ యూరోల లెక్కలే. అసలు ఈ శుద్ధి ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పే వాక్యం వాటిలో వెతుక్కోవాలి. అది చేప కోసం మొదలైన పోరు.

ఇంగ్లండు నదుల్లో మగ రోచ్ చేపల వృషణాల్లో గుడ్లు కనిపించడం, శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీటిలోని ఈస్ట్రోజన్లే (ఆడ హార్మోన్లే) కారణమని 1990ల్లో బ్రూనెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జాన్ సంప్టర్, సుసాన్ జాబ్లింగ్, వారి సహచరులు తేల్చడం చాలామంది రాసిన విషయాలు. రోచ్ మన శీలావతి, బొచ్చెలకు దూరపు బంధువు. ఆ తొలి కథ ఎంత ఆసక్తికరంగా ఉన్నా, నేటి తగాదాకు వేరు అక్కడ లేదు. అది 2012, 2013 సంవత్సరాల్లో, యూరోపియన్ యూనియన్ నిర్ణయాలు జరిగే బ్రసెల్స్‌లో ఉంది.

2012 జనవరిలో యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఒక ప్రతిపాదన పెట్టింది. నదుల్లో తప్పనిసరిగా అదుపు చేయాల్సిన పదార్థాల జాబితాలో మొదటిసారిగా మందులకు చోటిచ్చింది. నొప్పి మాత్ర డైక్లోఫినాక్, సహజ హార్మోన్ ఈస్ట్రడియోల్, గర్భనిరోధక మాత్రల్లో వాడే ఇథినైల్ ఈస్ట్రడియోల్. ఈ మూడోదానికి పెట్టిన పరిమితి లీటరు నీటికి 0.035 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము. చాలా ప్రయోగశాలల పరికరాలు అంత తక్కువను కొలవలేవన్నది పరిశ్రమ తొలి అభ్యంతరం. అది నిజం కూడా.

కానీ ప్రతిపాదనను పడగొట్టింది కొలత కాదు, ఖర్చు. అదే ఏడాది రిచర్డ్ ఓవెన్‌తో కలిసి జాబ్లింగ్ ఒక లెక్క ప్రచురించారు. ఇంగ్లండు, వేల్స్‌లలోని దాదాపు 1,400 శుద్ధి కేంద్రాలను ఈ పరిమితికి తగ్గట్టు మార్చాలంటే 2,600 కోట్ల నుంచి 3,000 కోట్ల పౌండ్లు కావాలని. చేపల్లో ఈ మార్పును బయటపెట్టిన శాస్త్రవేత్తే ఆ అంకెను కూడా బయటపెట్టారు. ఖర్చు ఇంత ఉంటుంది, నదులు శుభ్రంగా ఉండాలంటే సమాజం ఏం ఇవ్వడానికి సిద్ధమో దాచకుండా చర్చించుకుందాం అన్నది వాళ్ల ఉద్దేశం. అంకె మాత్రం వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. పత్రికల్లో అది ‘గర్భనిరోధక మాత్ర మోపిన బిల్లు’ అయింది. బ్రిటన్ ప్రభుత్వానికి, నీటి సంస్థలకు, మందుల పరిశ్రమకు వాదనంతా ఆ ఒక్క అంకెలోనే దొరికింది.

ఆ ప్రచారంలో ఒక అన్యాయం కూడా ఉంది. నదిలోని ఈస్ట్రోజన్‌లో మాత్ర వాటా ఒక భాగమే. ఆడా మగా తేడా లేకుండా మనుషులందరి మూత్రంలోనూ ఈస్ట్రోన్, ఈస్ట్రడియోల్ సహజంగానే బయటికి పోతాయి. పశువుల నుంచీ వస్తాయి. మాత్రలోని కృత్రిమ హార్మోన్ తక్కువ మోతాదులోనే ఎక్కువ ప్రభావం చూపుతుంది, నీటిలో త్వరగా విరిగిపోదు. అందుకే దాని పేరు ముందుకొచ్చింది. దాన్ని పట్టుకుని ఆడవాళ్ల వల్ల నదులు పాడవుతున్నాయన్నట్టు మాట్లాడినవాళ్లు చేపకూ మేలు చేయలేదు, ఆడవాళ్లకూ చేయలేదు.

చివరికి 2013లో కుదిరిన రాజీలో మూడు మందులూ తప్పనిసరి జాబితా నుంచి జారిపోయి ‘పరిశీలన జాబితా’ అనే కొత్త గదిలోకి చేరాయి. అంటే నదుల్లో కొలుస్తూ ఉంటారు, పరిమితి ఉండదు. ఇంకా సమాచారం కావాలి అన్నారు. ఆ ఒక్క మాటతో పన్నెండేళ్లు గడిచాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఎందుకంటే అప్పటికే చేతిలో ఉన్న సమాచారం తక్కువేమీ కాదు.

కెనడాలోని వాయవ్య అంటారియోలో శాస్త్ర పరీక్షల కోసమే కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో కారెన్ కిడ్ బృందం 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులు ఇథినైల్ ఈస్ట్రడియోల్ కలిపింది. మోతాదు లీటరుకు 5 నుంచి 6 నానోగ్రాములు. సుమారు 20 కోట్ల లీటర్లకు ఒక గ్రాము అన్నమాట. ఫాట్‌హెడ్ మినో అనే చిన్న చేపలో మగవాటి ఒంట్లో గుడ్డు సొనకు కావాల్సిన ప్రొటీన్ తయారైంది, వృషణాలు సరిగా ఎదగలేదు. కొత్త పిల్లలు పుట్టడం ఆగింది. ఆయుష్షు తక్కువున్న ఆ చేప కొన్నేళ్లలోనే సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని తిని బతికే ట్రౌట్ చేపలూ తగ్గాయి. మినోల ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. హార్మోన్ కలపడం ఆపాక కొన్నేళ్లకు మినోలు మళ్ళీ పుంజుకున్నాయి. కలిపితే పోయాయి, ఆపితే వచ్చాయి. కారణం ఏమిటో తేల్చడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నీటి శాస్త్రంలో అరుదు.

ఆ సరస్సులో పోసిన మోతాదు మామూలు నదుల్లో ఉండేదానికంటే ఎక్కువని, ప్రయోగాన్ని నేరుగా నదికి అన్వయించకూడదని పరిశ్రమ వైపు నుంచి వచ్చిన జవాబు. అందులో కొంత న్యాయముంది. నదిలో ఏం జరుగుతోందో చెప్పాలంటే నది చేపనే అడగాలి. అడగడానికి దారి జన్యుశాస్త్రమే.

చేపల్లో లింగం మనలో ఉన్నంత గట్టిగా స్థిరపడదు. పుట్టుకతో మగ అని జన్యువు రాసిపెట్టినా, పిల్ల దశలో ఒంట్లోకి చేరే హార్మోన్ ఆ రాతను తిరగరాయగలదు. పైగా ఆ రాత ఏ జన్యువులో ఉందన్నది జాతి జాతికీ మారుతుంది. జపాన్ మెడాకా చేపలో మగతనాన్ని నిర్ణయించే జన్యువు 2002లో దొరికింది. రెయిన్‌బో ట్రౌట్‌లో 2012లో దొరికింది వేరే జన్యువు. ఒకదాంట్లో కనుక్కున్నది ఇంకోదానికి పనికిరాదు. రోచ్‌కు అలాంటి గుర్తు ఏదీ లేకపోవడంతో, నదిలో దొరికిన ఆడ చేప పుట్టుకతోనే ఆడదా, ఆడదిగా మారిన మగదా అని చెప్పే దారే లేకపోయింది.

అయినా తల్లిదండ్రులెవరో తేల్చే డీఎన్‌ఏ పరీక్ష చేతిలో ఉంది. 2011లో కేథరిన్ హారిస్ బృందం నది నుంచి తెచ్చిన రోచ్ చేపలను గుంపులుగా పెంచి, పుట్టిన పిల్లల్లో ఏవి ఏ మగ చేపవో డీఎన్‌ఏతో లెక్కగట్టింది. బాగా ఆడతనం సంతరించుకున్న మగ చేపల సంతానం 76 శాతం దాకా పడిపోయింది. అంటే 2012లో బ్రసెల్స్‌లో వాళ్లు బల్ల చుట్టూ కూర్చునేసరికి సరస్సు సాక్ష్యమూ ఉంది, డీఎన్‌ఏ సాక్ష్యమూ ఉంది.

పరిమితిని పక్కన పెట్టాక, 2014లో వచ్చిన మరో జన్యు అధ్యయనం వాయిదా వేసినవాళ్లకు ఊపిరి పోసింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ హామిల్టన్, చార్లెస్ టైలర్, వారి సహచరులు ఇంగ్లండు నదుల్లో 28 చోట్ల రోచ్ చేపల డీఎన్‌ఏ తీసి, ప్రతి చోటా నిజంగా సంతానంలో పాలుపంచుకుంటున్న చేపలు ఎన్ని ఉండవచ్చో అంచనా వేశారు. ఈస్ట్రోజన్ ఎక్కువున్న చోట ఆ సంఖ్య తక్కువుందని చెప్పగలిగే సంబంధం కనబడలేదు. కొన్ని చోట్ల చేపలు శుద్ధి కేంద్రాల నీళ్లు దండిగా కలిసే పాయల్లోనే తరతరాలుగా, బయటి నుంచి వలస వచ్చే చేపల ఆసరా లేకుండానే బతుకుతున్నాయని తేలింది.

ఎంతో జాగ్రత్తగా చేసిన మంచి అధ్యయనం అది. దాని మొదటి సగమే ఊరేగింది. చేపలు బతికే ఉన్నాయి కదా, మరి ఇంత ఖర్చు ఎందుకు అన్న మాట అప్పటి నుంచి వినబడుతూనే ఉంది. అదే పత్రంలో ఆ శాస్త్రవేత్తలే రాసిన రెండో సగం ఇది: తమ గణితంలోని అనిశ్చితి వల్ల, అత్యంత కలుషితమైన చోట్ల సంతతి నిచ్చే చేపల సంఖ్య 65 శాతం దాకా తగ్గి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. తగ్గినట్టు కనబడలేదు అనడం వేరు, తగ్గలేదు అనడం వేరు.

ఆ తేడా పట్టించుకోకపోయినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. సంతతి నిలబడినంత మాత్రాన నది బాగున్నట్టేనా? వృషణాల్లో గుడ్లు పెట్టుకుని తిరిగే చేప ఏదో విధంగా వంశాన్ని నిలబెట్టుకుంటోందంటే అది ఆ చేప ఓర్పు, నీటికి దక్కాల్సిన మెప్పు కాదు.

రోచ్‌కు లింగాన్ని చెప్పే జన్యు గుర్తు 2020లో దొరికింది. ఆంకె లాంగె, టైలర్, వారి సహచరులు దాన్ని కనిపెట్టి, అంతకుముందు ప్రయోగాల్లో శుద్ధి కేంద్రం నీటిలో, ఈస్ట్రోజన్‌లో పెంచిన చేపల మీద వాడి చూశారు. కొన్నింటిలో పుట్టుక మగ, పెరిగింది ఆడగా. అలా మారినవి ఆడ చేపల్లా గుడ్లు పెట్టి పిల్లల్ని కనగలవు కూడా. నదుల్లో దొరికే మిశ్రమ లింగ చేపలన్నీ ఆడతనం వచ్చిన మగ చేపలేనని ఎలాంటి అనుమానానికీ తావు లేకుండా తేలింది. నదుల్లో మగ చేపలు పూర్తిగా ఆడవిగా మారిపోతున్నాయనడానికి మాత్రం బలమైన ఆధారం దొరకలేదు. ఈ చివరి మాట పరిశ్రమకు అనుకూలమే. దాన్నీ చెప్పాలి. కానీ మొదటి మాట మూడు దశాబ్దాల సందేహాన్ని తీర్చింది.

మరి పరిశీలన జాబితా ఏం సాధించింది? ఈస్ట్రోజన్లు అందులో 2015 నుంచి ఉన్నాయి, 2020లో బయటికొచ్చాయి. కొలతలన్నీ ముందు పెట్టుకుని 2022 అక్టోబరులో కమిషన్ మళ్ళీ ప్రతిపాదించింది. ఈసారి ఈస్ట్రోన్‌ను కూడా కలిపింది. ఇథినైల్ ఈస్ట్రడియోల్ పరిమితి 0.017 నానోగ్రాములు. 2012లో మరీ కఠినమంటూ తోసిపుచ్చినదానిలో సగం. ఆ ప్రతిపాదనపై 2025 సెప్టెంబరులో యూరప్ పార్లమెంటు, సభ్యదేశాల మధ్య తాత్కాలిక అంగీకారం కుదిరింది. కొత్త సమాచారం కోసం ఆగిన కాలం పరిమితిని ఏమీ సడలించలేదు. శుద్ధి పని మాత్రం అన్నేళ్లు ఆలస్యమైంది.

ఈలోగా యూరోపియన్ యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్ ఎవరి కోసమూ ఆగలేదు. 2016 నుంచి తలకు ఏడాదికి తొమ్మిది ఫ్రాంకుల దాకా వసూలు చేస్తూ, దాదాపు వంద కేంద్రాల్లో ఓజోన్ లేదా ఉత్తేజిత బొగ్గుతో శుద్ధి దశను చేర్చే పని పెట్టుకుంది. అక్కడ భారం పౌరులందరిదీ. కంపెనీల మీద వేయలేదు. పరిశ్రమ ఆ ఉదాహరణను తన వైపు వాడుకోవచ్చు. కానీ ఈ పని అసాధ్యమన్న మాట మాత్రం ఇక చెల్లదు.

కోర్టులో పరిశ్రమ వాదన క్లుప్తంగా ఇదీ: నీటిలోకి చేరే విష భారంలో 92 శాతం మందులు, సౌందర్య సాధనాలదేనన్న కమిషన్ లెక్క తప్పు. ఏటా సుమారు 120 కోట్ల యూరోలన్న ఖర్చు అంచనా అసలుకు చాలా తక్కువ. భారం మోపితే చవక మందులు మార్కెట్లోంచి పోతాయి. ఈ చివరిది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. జనరిక్ మందుల్లో లాభం సన్నగా ఉంటుంది, అక్కడ అమ్ముడుపోయే జనరిక్ మందుల్లో హైదరాబాద్ కంపెనీల సరుకు గణనీయం. యూరప్ బయట తయారైనా అక్కడ మార్కెట్లో పెట్టేవాళ్లు చెల్లించాల్సిందే కాబట్టి, ఈ కేసు తీర్పు కోసం మన దగ్గరా ఎదురుచూసేవాళ్లున్నారు.

మనకు ఈ కథ మరోలా కూడా తెలుసు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. అది హార్మోన్ కాదు, యాంటీబయాటిక్. దారి మాత్రం ఒకటే. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు రాసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.

యూరప్ చట్టం కోర్టులో నిలబడితే సభ్యదేశాలు 2027 జులై చివరికల్లా దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. లక్షన్నర జనాభా భారం మోసే కేంద్రాలు, అంతకంటే పెద్దవి, అన్నింటిలోనూ నాలుగో దశ 2045 నాటికి పూర్తి కావాలి. తొలి గడువు 2033. రోచ్ చేపల వృషణాల్లో గుడ్లు మొదట కనబడిన ఇంగ్లండు నదులకు ఇందులో ఏదీ వర్తించదు. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలి వెళ్లిపోయింది.