డైపర్‌లో రక్తం కనబడగానే తల్లిపాలు ఆపేయాలా?

“డాక్టర్ గారూ, తల్లిపాలు పడట్లేదు, నిన్నటి నుంచి డబ్బా పాలే పడుతున్నాం.” హైదరాబాద్‌లో పిల్లల ఓపీల్లో తరచూ వినబడే మాట ఇది. ఐదు రోజుల బిడ్డ కక్కిన పాలలో ఎర్ర చార కనబడితే ఎవరికైనా కాళ్లు చేతులు ఆడవు, నిజమే. కానీ తప్పు పాలది కాదు.

బిడ్డ చురుగ్గా చీకుతూ, పొట్ట మెత్తగా ఉంటే ముందు తల్లి చనుమొనలు చూడాలి. మొన పగిలితే పాలతోపాటు తల్లి రక్తమూ బిడ్డ లోపలికి పోయి, కక్కులోనో డైపర్‌లోనో కనబడుతుంది. కాన్పులో మింగిన రక్తం కూడా మొదటి రెండు మూడు రోజుల్లో ఇలాగే బయటపడుతుంది. ఎవరి రక్తమో తేల్చేది ఆప్ట్ టెస్ట్. బిడ్డ కక్కిన లేదా డైపర్‌లోని ఎర్రటి నమూనా ఒక వంతును 5 వంతుల నీళ్లలో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పి, పైకి తేలిన గులాబీ రంగు నీళ్లు 5 వంతులకు 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఒక వంతు కలుపుతారు. 2 నిమిషాల్లో పసుపు గోధుమ రంగుకు మారితే తల్లిది, గులాబీగానే ఉంటే బిడ్డది. నల్లబడిన మలంతో ఈ టెస్ట్ పనిచేయదు, అందుకే ఎర్ర మరకున్న డైపర్‌ను పారేయకుండా కవర్‌లో చుట్టి తెండి. ఫొటో సరిపోదు. తల్లి రక్తమేనని తేలితే పాలు ఆపే పనే లేదు, రొమ్ము పట్టించే తీరు సరిచేస్తే చాలు.

పచ్చ పసరు వాంతి, ఉబ్బిన పొట్ట, పాలు తాగక మత్తుగా పడుండటం ఉంటే లెక్క వేరు. అది పేగు మెలిక కావచ్చు, గంటల్లో పేగు చచ్చిపోతుంది. నెలలు నిండని బిడ్డైతే పేగు కుళ్లే ఎన్‌ఈసీ కావచ్చు. పాలు ఆపాల్సింది అప్పుడు. గ్రైప్ వాటర్, ఆముదం పడుతూ కూర్చోవద్దు.

“కొంచెమే పోయింది కదా” అంటారు. 3 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం సుమారు 250 మి.లీ. అందులో 25 మి.లీ. పోతే పదో వంతు పోయినట్టే. హిమోగ్లోబిన్ వెంటనే పడిపోదు, రిపోర్టు చూసి నిశ్చింత పడకూడదు. గుండె వేగం పెరగడమే ముందు చెబుతుంది.

“నార్మల్ డెలివరీకి విటమిన్ కె సూది ఎందుకు?” డెలివరీ ఏదైనా ఒకటే. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తల్లిపాలలో చాలా తక్కువ. పుట్టగానే తొడకు 1 మి.గ్రా., కిలోలోపు బిడ్డకు 0.5. అది పడకపోతే 2 నుంచి 12 వారాల మధ్య మెదడులోనే రక్తస్రావం కావచ్చు. డిశ్చార్జ్ కాగితంలో సూది వేసినట్టు రాసుందో లేదో ఇవాళే చూసుకోండి.