సముద్రం హద్దు గీసిన జిల్లా: ర్యూగెన్

జర్మనీ మ్యాపులో ఈశాన్య మూలకు వెళ్తే, బాల్టిక్ సముద్రంలో చిరిగిన గుడ్డపేలికలా ఒక దీవి కనిపిస్తుంది. పేరు ర్యూగెన్. విస్తీర్ణం 926 చదరపు కిలోమీటర్లు, జర్మనీ దీవులన్నిటిలో ఇదే పెద్దది. 2011 సెప్టెంబర్ దాకా ఈ దీవి, పక్కనున్న హిడెన్‌జే, ఉమ్మాన్స్ లాంటి చిన్న దీవులతో కలిసి ఒక జిల్లాగా ఉండేది. ఇప్పుడు ఆ జిల్లా లేదు.

జర్మనీలో గ్రామీణ జిల్లాను లాండ్‌క్రైస్ అంటారు. 'క్రైస్' అంటే వృత్తం. పెద్ద నగరాలు చాలావరకు ఈ వృత్తాల బయట విడిగా ఉంటాయి. జనాభా చూస్తే ర్యూగెన్ చాలా చిన్నది, మన మండలమంత. చివరి రోజుల్లో అక్కడ ఉన్నది 70 వేలలోపు మనుషులు. కానీ ఒక విషయంలో దానికి సాటి రాగల జిల్లాలు అరుదు. మామూలుగా జిల్లా హద్దును ఆఫీసులో కూర్చుని ఎవరో గీస్తారు. ర్యూగెన్ హద్దును మాత్రం సముద్రమే గీసింది.

ఆ గీత వెనక కథ చాలా పాతది. సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చని సముద్రం ఉండేది. అందులో కంటికి కనిపించని ఏకకణ శైవలాలు తేలుతూ బతికేవి. వాటి ఒంటి చుట్టూ సున్నపు పలకలు కవచంలా ఉండేవి. అవి చచ్చాక ఆ పలకలు అడుక్కి రాలి, లక్షల ఏళ్లు పేరుకుని, గట్టిపడి సుద్ద అయ్యాయి. ఇక్కడి సుద్దను చిటికెడు తీసి మైక్రోస్కోప్ కింద పెడితే ఆ పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి. సుద్ద మధ్యలో నల్లని చెకుముకి రాళ్లు వరుసలుగా ఉంటాయి. సముద్రపు స్పంజికల అస్థిపంజరాల్లోని సిలికా కరిగి, మళ్లీ గడ్డకట్టి ఆ రాళ్లు ఏర్పడ్డాయి. రాతియుగం మనుషులకు కత్తి, గొడ్డలి, నిప్పు అన్నీ వాటితోనే.

సముద్రం అడుగున పేరిన పొరలు నేలబారుగా ఉండాలి కదా. కానీ దీవి ఈశాన్య భాగమైన యాస్‌ముండ్ తీరంలో తెల్లని గోడల్ని చూస్తే చెకుముకి వరుసలు ఏటవాలుగా, ఒక్కోచోట మెలితిరిగి ఉంటాయి. ఇది మంచుయుగం చేసిన పని. స్కాండినేవియా నుంచి దిగిన హిమానీనదాలు సుద్ద పొరల్ని పలకలుగా విరిచి, ముందుకు తోసి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కించాయి. 118 మీటర్ల ఎత్తున్న 'రాజు కుర్చీ' అనే సుద్దకొండ అలా లేచిందే. చేతితో గీకితే రాలే మెత్తని రాయి సముద్రం పక్కన అంత ఎత్తున నిలబడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

నిజానికి అది నిలబడటం లేదు, కూలుతూనే ఉంది. వానా మంచూ పైనుంచి నానబెడతాయి, అలలు కింద తొలుస్తాయి. పర్యాటకులు ఎంతో ఇష్టపడిన విస్సోవర్ క్లింకెన్ అనే జంట శిఖరాలు 2005 ఫిబ్రవరిలో ఒక్కసారిగా సముద్రంలోకి జారిపోయాయి.

పోయినదంతా వృథా కాదు. మంచు కరిగి సముద్రమట్టం పెరిగినప్పుడు ఇక్కడ మిగిలింది ఒక దీవి కాదు, విడివిడి గుట్టలు. అలలు ఆ గుట్టల అంచుల్ని కోసి, ఇసుకను తీరం వెంట మోసి, వాటి మధ్య మేటలు వేశాయి. విట్టో, యాస్‌ముండ్ అనే రెండు భాగాలను షాబె అనే సన్నని ఇసుకమేట కలిపింది. యాస్‌ముండ్‌ను దక్షిణపు నేలతో కలిపింది ష్మాలె హైడె అనే ఇంకో మేట. వాటి వెనక చిక్కుకున్న లోతులేని ఉప్పునీటి కయ్యలను బొడ్డెన్ అంటారు. ఆ కయ్యలు నేలలోకి ఎంతగా చొచ్చుకుపోయాయంటే, ఇంత చిన్న దీవికి తీరరేఖ 570 కిలోమీటర్లకు పైగా ఉంది.

ఈ నేల మీద మొదట పెద్ద రాజ్యం కట్టినవాళ్లు జర్మన్లు కాదు, రాణి అనే స్లావ్ తెగ. దీవి ఉత్తరపు కొసన ఆర్కోనా అనే కొమ్ములాంటి కొండ మీద వాళ్ల దేవుడు స్వాంతెవిట్ గుడి ఉండేది. ఆ దేవుడికి నాలుగు తలలు. డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో రాసిన వివరం ఒకటుంది. ఏటా కోతలయ్యాక పూజారి, దేవుడి చేతిలోని కొమ్ముపాత్రలో గత ఏడాది పోసిన పానీయం ఎంత తగ్గిందో చూసేవాడట. తగ్గకపోతే వచ్చే ఏడు పంట బాగుంటుందని, తగ్గితే గింజలు దాచుకోమని చెప్పేవాడు. 1168లో డెన్మార్క్ రాజు మొదటి వాల్డెమార్, బిషప్ అబ్సలోన్ ఓడలతో వచ్చి కోటను పట్టుకున్నారు, విగ్రహాన్ని నరికించారు. కోట కొంత మనుషుల చేతుల్లో పోతే, ఎక్కువ భాగం ఆ తర్వాత కొండతో సహా సముద్రంలో పడిపోయింది. మట్టికట్టలు కొన్ని ఇంకా ఉన్నాయి. స్లావ్ భాష మాత్రం సాస్‌నిట్స్, గుస్టో లాంటి ఊరి పేర్లలో మిగిలింది.

ఆ తర్వాత పాలకులు మారుతూ వచ్చారు. 1325లో స్థానిక రాజవంశం అంతరించి దీవి పక్కనున్న పొమెరేనియా ప్రభువుల చేతికి, 1648లో స్వీడన్‌కు పోయింది. 1814లో స్వీడన్ దీన్ని డెన్మార్క్‌కు రాసిస్తే, మరుసటి ఏడాదే డెన్మార్క్ జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో మారకం వేసుకుంది. నేల చేతులు మారిందే కానీ దున్నేవాళ్ల బతుకు మారలేదు. జమీందారు అనుమతి లేనిదే ఊరు దాటలేని వెట్టి బతుకు అది. వెట్టి నుంచి విడుదలైన ఒక తండ్రికి 1769లో ఈ దీవిలోనే పుట్టిన ఎర్నెస్ట్ మోరిట్స్ ఆర్న్‌ట్, 1803లో ఆ వ్యవస్థ చరిత్ర రాశాడు. మూడేళ్లకు స్వీడన్ రాజు వెట్టిని రద్దు చేశాడు. అదే ఆర్న్‌ట్ తర్వాత యూదుల మీద ద్వేషం రాశాడన్నదీ దాచకూడని నిజం. తనకు పెట్టుకున్న అతని పేరును గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయం 2018లో తీసేసింది.

జిల్లా పుట్టింది ప్రష్యా కాలంలో, 1818లో. కేంద్రం దీవి నడుమనున్న బెర్గెన్. చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ కొత్తగా పెళ్లైన భార్యతో ఇక్కడికి వచ్చి సుద్దకొండల్ని చూసిందీ ఆ ఏడాదే. ఆ కొండల్ని ఆయన బొమ్మగా గీశాడు. ఆ బెర్గెన్‌లోనే 1829లో థియోడోర్ బిల్‌రోత్ పుట్టాడు. క్యాన్సర్ సోకిన కడుపు భాగాన్ని కోసి తీసి రోగిని బతికించిన మొదటి సర్జన్ ఆయన, 1881లో వియన్నాలో.

జిల్లా నిలబడటానికి ఒక కారణం, ష్ట్రాల్‌సుండ్ నగరానికి, దీవికి మధ్య ఉన్న జలసంధి అని నా అభిప్రాయం. పడవ ఎక్కితే గానీ నగరం రాదు కాబట్టి, కోర్టైనా కచేరీ అయినా దీవిలోనే ఉండాలి. 1936లో ఆ నీటి మీదుగా రైలు, రోడ్డు వెళ్లే కట్ట వేశారు. అదే ఏడాది ష్మాలె హైడె ఇసుకమేట మీద నాజీలు ప్రోరా అనే సెలవు విడిది కట్టడం మొదలుపెట్టారు. 20 వేలమంది ఒకేసారి సెలవు గడిపేలా, తీరం వెంట 4.5 కిలోమీటర్ల పొడవున ఒకే మూసలో గదులు. 1939లో యుద్ధం రావడంతో పని ఆగింది, సెలవు గడపడానికి ఎవరూ రాలేదు.

తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952లో ఈ జిల్లాను బెర్గెన్, పుట్‌బుస్ అని రెండు ముక్కలు చేసి, నాలుగేళ్లు తిరక్కుండానే మళ్లీ కలిపేసింది. 1953లో తీరంలోని హోటళ్లను యజమానుల నుంచి లాక్కుంది. ప్రోరా సైనికుల బ్యారక్ అయింది. తుపాకి పట్టబోమన్న యువకులను అక్కడే ఉంచి, ముక్రాన్ ఓడరేవు కట్టే పనికి పంపింది.

1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక జనం పని కోసం పశ్చిమానికి కదిలారు. జిల్లాల ఖర్చు మోయడం రాష్ట్రానికి కష్టమైంది. మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్ రాష్ట్రం మొత్తాన్ని అయిదు పెద్ద జిల్లాలు చేద్దామంటే 2007లో రాష్ట్ర రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. సొంత పని చేసుకుంటూ ఖాళీ సమయంలో కౌన్సిల్‌లో కూర్చునే మామూలు మనిషికి అంత దూరాలు కుదరవన్నది ఆ కేసులో ముఖ్యమైన వాదన. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. అదే ఏడాది అక్టోబర్‌లో జలసంధి మీద 2.8 కిలోమీటర్ల కొత్త వంతెన తెరుచుకుంది. నాలుగేళ్లకు రాష్ట్రం కాస్త మార్చిన పథకంతో 12 జిల్లాలను 6 చేసింది. ర్యూగెన్, పక్కనున్న నార్డ్‌ఫోర్‌పొమెర్న్, ష్ట్రాల్‌సుండ్ కలిసి 3,200 చదరపు కిలోమీటర్ల ఒకే జిల్లా అయ్యాయి. కలెక్టరేట్ వంతెనకు అవతల, ష్ట్రాల్‌సుండ్‌లో. యాస్‌ముండ్ సుద్దకొండల మీది పురాతన బీచ్ చెట్ల అడవికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కూడా ఆ 2011లోనే.

కొత్త జిల్లాకు పేరేమిటన్నది ప్రజల ఓటుకు వదిలారు. వాళ్లు 'ఫోర్‌పొమెర్న్-ర్యూగెన్' ఎంచుకున్నారు. కొత్త జిల్లా కార్లకు నంబర్ ప్లేటు మీద 'వీఆర్' వచ్చింది. తర్వాత పాత అక్షరాలకూ అనుమతి దొరికింది. ఇప్పుడు దీవిలో కారు కొన్నవాళ్లు కావాలంటే 'ఆర్ యూ జీ' అనే పాత జిల్లా అక్షరాలు అడిగి వేయించుకోవచ్చు, యూ మీద రెండు చుక్కలతో.