అపోహలు - వాస్తవాలు: 24 గంటల్లో కంపోస్టు రాదు

తడి చెత్త గురించి అపార్టుమెంటు కమిటీ కూర్చుందంటే ముందు వినపడే మాట ఒకటే: "మెషీన్ పెట్టిద్దాం, 24 గంటల్లో కంపోస్టు వచ్చేస్తుందట." లక్షలు పోసేది ఈ మాట నమ్మే. ఆ మెషీన్ మూలన పడేదీ ఈ మాట వల్లే. మిగతా అపోహలు ఎలా ఉన్నా, ముందు దీన్ని తేల్చుకోవాలి.

అపోహ: మెషీన్ ఒక్క రోజులో ఎరువు చేస్తుంది.

వాస్తవం: చేయదు. చెత్తను ముక్కలు చేసి, వేడితో నీరు లాగేస్తుంది. బయటికొచ్చేది ఎండిన అన్నం, కూరగాయ తొక్కల పొడి. చూడ్డానికి కాఫీ పొడిలా ఉంటుంది కాబట్టి ఎరువనుకుంటారు. గుప్పెడు పొడి సీసాలో వేసి, తడిపి, మూత బిగించి మూడు రోజులు ఆగండి. తీయగానే పులిసిన కంపు గుప్పుమంటే అది ఇంకా చెత్తే. మాగిన ఎరువుకు మట్టి వాసనే ఉంటుంది. పచ్చి పొడిని కుండీలో వేస్తే కుళ్లడం అక్కడ మొదలవుతుంది, వేళ్లకు గాలి అందదు, మొక్క వడలిపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు కంగారు పడొద్దు. హీటర్ ఆపేసి, మెషీన్‌ను చెత్త ముక్కలు చేయడానికి మాత్రమే వాడుకోండి. ఎరువయ్యేది తొట్టిలోనే, ఆరు వారాల్లో.

80 ఫ్లాట్లకు, ఫ్లాటుకు ముప్పావు కిలో లెక్కన, రోజుకు 60 కిలోల తడి చెత్త వస్తుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండి పక్కల నుంచి గాలి ఆడే తొట్లు ఏడు చాలు. వారానికి ఒకటి నిండుతుంది. ఏడోది నిండేనాటికి మొదటిది ఖాళీ చేసుకోవచ్చు. అడుగున జానెడు మందాన కొబ్బరి పీచో ఎండు పుల్లలో పరవాలి. బకెట్ చెత్తకు బకెట్ నలిపిన ఎండుటాకులు, గుప్పెడు పాత ఎరువు కలపాలి. పైన చెత్త కనపడకుండా రెండంగుళాలు ఆకులు కప్పాలి. వారానికోసారి తిరగేయాలి. మూడో రోజు ఇనుప చువ్వ నడిమధ్యకు దింపి, ఐదు నిమిషాలాగి తీసి పట్టుకోండి. చెయ్యి చురుక్కుమనాలి. 55 డిగ్రీలు దాటితేనే రోగకారక క్రిములు, కలుపు గింజలు చస్తాయి.

అపోహ: కంపు కొడుతుంది, పై అంతస్తుల వాళ్లు గొడవకొస్తారు.

వాస్తవం: సెక్రటరీల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ కంపుకు కారణం ఉంటుంది, దానికి మందూ ఉంటుంది. తొట్టిలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలొస్తే సరిగ్గా ఉంది. నీళ్లు ధారకడితే ఆకులు చాలలేదు. చుక్క కూడా రాక పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. కుళ్లిన గుడ్డు వాసనైతే లోపలికి గాలి ఆడట్లేదు, ఆ రోజే తిరగేయాలి. ముక్కు మండే అమోనియా ఘాటైతే పచ్చి సరుకు ఎక్కువైంది, ఆకులు పెంచాలి.

అపోహ: పురుగులు పట్టాయంటే పాడైపోయినట్టే.

వాస్తవం: కాదు. తడి ఎక్కువైందని అర్థం. పొడి ఆకులేసి కలిపితే తగ్గుతాయి.

అపోహ: "కంపోస్టబుల్" అని రాసున్న కవర్లతో సహా వేసేయొచ్చు.

వాస్తవం: వాటిలో చాలా వరకు పెద్ద ప్లాంట్లలో రోజుల తరబడి నిలిచే వేడికే కరుగుతాయి. మన తొట్టిలో ఆరు వారాల తర్వాత కూడా పేలికలు పేలికలుగా ఏరుకోవాల్సి వస్తుంది. చెత్త విడిగానే వేయండి.

అపోహ: ఎలాగూ లారీలో అన్నీ కలిపేస్తారు, మనం వేరు చేసి ఏం లాభం?

వాస్తవం: ఆవరణలోనే ఎరువయ్యే చెత్త అసలు లారీ ఎక్కదు. తడి తగలని అట్టపెట్టెలు, సీసాలు పాత సామాన్ల వాళ్లు డబ్బిచ్చి తీసుకెళ్తారు.

అపోహ: రోజుకు 100 కిలోల చెత్త దాటితేనే ఇదంతా చేయాలి.

వాస్తవం: 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఆ లెక్క పెట్టింది బల్క్ జనరేటర్లకు, అంటే భారీగా చెత్త వచ్చే చోట్లకు. తడి, పొడి వేరు చేయడం మాత్రం ప్రతి ఇంటికీ తప్పనిసరి. 20 ఫ్లాట్ల వాళ్లు స్వచ్ఛందంగా ఎరువు చేసుకోవాలనుకుంటే రెండు తొట్లతో మొదలుపెట్టొచ్చు.

తొట్లు కట్టించాక కూడా చాలా చోట్ల పని ఆగిపోయేది వానాకాలంలో, ఎండుటాకులు దొరక్క. ఫిబ్రవరి, మార్చిలో రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టనివ్వకండి. సంచుల్లో తొక్కి, వాన తగలని చోట పేర్చి ఉంచండి. ఆకులు అయిపోయిన రోజున కోకోపీటో (కొబ్బరి పొట్టు) రంపపు పొట్టో కలపండి, అంతేగానీ ఉత్త చెత్త మాత్రం తొట్టిలో పోయొద్దు.