డిటెక్టర్‌లో బ్యాటరీ బీప్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ చుట్టుపక్కల సామిల్లులకు మొద్దుల్లో దాగిన మేకులు పట్టే మెటల్ డిటెక్టర్లు చేసిస్తుంటాను. కల్టివేటర్ నుంచి ఊడి పొలంలో పడ్డ కర్రు వెతకడానికి రైతులూ అడుగుతారు. బ్యాటరీ అయిపోతోందని డిటెక్టర్ తనంతట తాను చెప్పకపోతే మేకు తప్పిపోతుంది, రంపం పళ్లు పోతాయి. ఆ బీప్ గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "మీటర్‌లో మంచిగనే చూపిస్తోంది కదన్నా, బ్యాటరీకి ఏం కాలేదు."

వాస్తవం: బాగా వాడేసిన 9 వోల్టుల బ్యాటరీ కూడా లోడ్ లేనప్పుడు 8 పైన చూపించగలదు. డిటెక్టర్ ఆన్ చేసి, ఇనుమును వెతికే తీగచుట్ట (కాయిల్) పనిచేస్తుండగా కొలవండి. ఆదిలాబాద్ వైపు డిసెంబర్ పొద్దున చలిలో ఆల్కలైన్ బ్యాటరీ ఇంకా తొందరగా చేతులెత్తేస్తుంది.

అపోహ: బ్యాటరీ దిగితే డిటెక్టర్ పట్టే లోతు తగ్గుతుంది, అంతే.

వాస్తవం: లోతు అనుకున్నంత తగ్గదు. కాయిల్ సైజుకన్నా బాగా దూరంలో ఉన్న చిన్న వస్తువు నుంచి వచ్చే సిగ్నల్, దూరం పెరిగేకొద్దీ ఆరో ఘాతం లెక్కన పడిపోతుంది. కాబట్టి కాయిల్ కరెంటు సగమైనా లోతులో పోయేది సుమారు 11 శాతమే. రెండు బ్యాటరీలు కలిపితే లోతు రెట్టింపవుతుందని ఆశపడేవాళ్లకు దక్కేది వేడెక్కిన మాస్‌ఫెట్ (కాయిల్‌కు కరెంటు పంపే ట్రాన్సిస్టర్).

అసలు తలనొప్పి అబద్ధపు మోత. పాత రకం బీఎఫ్‌ఓ సర్క్యూట్‌లో (రెండు ఆసిలేటర్ల ఫ్రీక్వెన్సీల తేడాను టోన్‌గా వినిపించే రకం) వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేకపోతే, వోల్టేజి జారేకొద్దీ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ జరిగి టోన్ మారుతుంది. చెవికి అది ఇనుము దొరికినట్టే వినిపిస్తుంది. పాడుబడ్డ గడి పక్కన ఇలాంటి మోత నమ్మి గుంతలు తవ్వితే ఏం దొరుకుతుంది? (నిధుల కోసం అడిగేవాళ్లకు నేను చేసివ్వను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కు తెలపాల్సిందే. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడమే నేరం.)

అపోహ: రెడీమేడ్ లో-బ్యాటరీ అలారం ఏది తగిలించినా ఒకటే.

వాస్తవం: ఎక్కడ మోగాలో మీ బ్యాటరీ రకం, మీ సర్క్యూట్ కలిసి తేలుస్తాయి. 7805 రెగ్యులేటర్‌కు 5 వోల్టులు నిలబెట్టాలంటే లోపలికి కనీసం 7 రావాలి. అంటే 9 వోల్టుల బ్యాటరీలో ఇంకా సరుకున్నా 7.5 దగ్గరే బీప్ రావాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన మూడు లిథియం సెల్స్ వరుసగా పెడితే 10 దగ్గర, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల లెడ్ బ్యాటరీ అయితే 11.5 దగ్గర. డిటెక్టర్ లాగే కొద్దిపాటి కరెంటుకే లెడ్ బ్యాటరీ 11.5కు వచ్చిందంటే దాదాపు ఖాళీ. 10.5 కిందికి లాగితే ప్లేట్లు సల్ఫేషన్‌తో పాడవుతాయి.

దీనికి నేను వాడేది టీఎల్431 అనే చిన్న ఐసీ. దాని రిఫరెన్స్ పిన్ మీద 2.5 వోల్టులు దాటితే ఆన్ అవుతుంది, తగ్గితే ఆఫ్ అయి బజర్ మోగాలి. బ్యాటరీ వోల్టేజిని పంచి ఆ పిన్‌కు ఇచ్చే రెండు రెసిస్టర్ల డివైడర్‌లో కింద 10 కె (కిలో ఓమ్) ఉంచి, పైన 20 కె పెడితే 7.5, 30 కె పెడితే 10, 36 కె పెడితే 11.5 వస్తాయి. అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు: టీఎల్431 పూర్తిగా ఆన్ అయినా కాథోడ్ మీద దాదాపు 2 వోల్టులు మిగులుతాయి, దానికి బేస్ కలిపిన, బజర్‌ను నడిపే బీసీ547 ట్రాన్సిస్టర్ ఆఫ్ కాదు, బజర్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. బేస్‌కు సిరీస్‌లో ఒక ఎర్ర ఎల్‌ఈడీ పెడితే ఆ గొడవ తీరుతుంది. పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ (కాయిల్‌కు కరెంటును విడివిడి పల్స్‌లుగా పంపే రకం) అయితే ప్రతి పల్స్‌కూ బ్యాటరీ వోల్టేజి కుంగుతుంది. కింది రెసిస్టర్ మీద 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయకపోతే బజర్ గురగురలాడుతుంది. కెపాసిటర్‌తో ఇంకో లాభం, అది నిండేదాకా స్విచ్ వేయగానే ఒకసారి బీప్ వస్తుంది. బజర్ బతికే ఉందని రోజూ తెలిసిపోతుంది.

అపోహ: ఆర్డునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు) ఉంటే కోడ్‌లో రెండు లైన్లు చాలు.

వాస్తవం: వోల్టేజి కొలిచే అనలాగ్ రీడింగ్‌కు మామూలుగా రిఫరెన్స్ (పోల్చే కొలతబద్ద) రెగ్యులేటర్ ఇచ్చే ఆ 5 వోల్టుల సప్లయే. బ్యాటరీ 7 కిందికి పోయాక ఆ 5 కూడా దిగుతుంది. కొలిచేది, కొలతబద్ద రెండూ కలిసి కుంచించుకుపోవడంతో రీడింగ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆర్డునో ఊనో ఆర్3 బోర్డులో ఉండే లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌కు మార్చి, డివైడర్‌ను దానికి తగ్గట్టు వేయండి.

అపోహ: ఎర్ర ఎల్‌ఈడీ చాలు.

వాస్తవం: ఏప్రిల్ ఎండలో పొలంలో నిలబడి చూడండి.

అపోహ: ఆగకుండా గట్టిగా మోగితేనే తెలుస్తుంది.

వాస్తవం: ఆగని మోతలో మేకు శబ్దం మునిగిపోతుంది, బజరే మిగిలిన బ్యాటరీ తాగేస్తుంది. పది పదిహేను సెకన్లకోసారి చిన్న "కిచ్" చాలు, 555 టైమర్ ఐసీతో అయిపోతుంది. బజర్ పియెజో రకమే తీసుకోండి, కాయిల్ ఉన్న బజర్ సర్క్యూట్‌లోకి చెత్త సిగ్నల్ పంపుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వెతికేవాళ్లకు డబ్బాలోని బజర్ వినిపించదు. వాళ్లకోసం ఆ కిచ్‌ను 100 కె రెసిస్టర్ ద్వారా ఆడియో ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు కలపండి.