మూట దించే చుట్టం

పాతపట్నం,
మార్గశిరం, ఆదివారం సాయంత్రం.

చిట్టికీ, చిన్నబాబుకీ, వీళ్ళ భుజాల మీంచి తొంగిచూసి చదివే పిల్లలందరికీ తాత దీవెనలు.

చిట్టీ, పోయిన వారం ఫోన్లో నువ్వొక ప్రశ్న అడిగావు. "తాతా, అమ్మ ఇవాళ టిఫినుకి బన్నులు చేసింది. ఓవెన్లో కాదు, ఇడ్లీ పాత్రలో. మెత్తగానే ఉన్నాయి గానీ పైన ఎర్రగా లేదు, సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఇది ఉడికినట్టా, ఉడకనట్టా?" అన్నావు. నేను "ఏటీ అవదమ్మా, తినీ" అనేసి ఫోను మామ్మ చేతికిచ్చేశాను. రాత్రి పడుకున్నాక తెలిసింది, నేను జవాబు చెప్పలేదని, తప్పించుకున్నానని. పిల్లలు ఏదైనా అడిగితే "తినీ" అనడం పెద్దవాళ్ళకి పాత అలవాటు. నాకైతే అది మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

అంచేత ముందు మన ఇంట్లో చేసి చూద్దామనుకున్నాను. మీ అమ్మని అడిగి కొలతలు రాసుకున్నాను. పావుకిలో మైదా, చెంచాడు ఈస్టు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, కాస్త నూనె, అరగ్లాసు పైచిలుకు గోరువెచ్చని నీళ్ళు. పిండి నేనే పిసికాను. "ఇన్నాళ్ళకి నీ చేతులకో పని దొరికింది" అంది మామ్మ, స్టూలు మీద కూర్చుని. ఇక్కడ ఇప్పుడు చలి బాగా ఉంది. పొద్దున్నే మహేంద్రగిరి వైపు చూస్తే కొండే లేనట్టు మంచు. పిండి గంటైనా కదల్లేదు. గిన్నెకి నా కంబళి చుట్టి పొయ్యి పక్కన పెడితే, ఇంకో గంటకి రెండింతలయింది.

ఈస్టంటే కంటికి కనబడనంత చిన్న ప్రాణి. పంచదార తింటుంది, గాలి వదుల్తుంది. ఆ గాలిని గోధుమపిండిలోని జిగురు బుడగలుగా పట్టుకుంటుంది. మన వరిపిండికి ఆ జిగురు లేదు. ఇడ్లీకి మినప్పప్పు వెయ్యాల్సిందే అని మామ్మ అనేది అందుకే, పట్టుకునే పని అక్కడ మినపపిండిది. పొంగడం సంగతి ఇంతటితో వదిలేస్తాను. నువ్వు అడిగింది ఉడకడం గురించి కదా.

తెల్లగా ఎందుకుందో ముందు చెప్పేస్తాను, అది చిన్న మాట. రొట్టె పైన ఎరుపెక్కాలంటే అక్కడ వేడి సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఓవెన్లో దాటుతుంది, పెనం మీద దాటుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి 100 డిగ్రీలకి మించదు. అందుకే ఇడ్లీ ఎన్నడూ ఎర్రబడలేదు, నువ్వు ఎన్నడూ దాన్ని పచ్చిదేమో అని అనుమానించలేదు. బన్ను పేరు పెట్టుకు వచ్చేసరికి అనుమానం వచ్చింది. పేరు చూసి రంగు ఆశించావు. నేనూ అంతేలే.

అసలైన ప్రశ్న దాని వెనకుంది. ఓవెన్ని 200 డిగ్రీలకి వేడి చేస్తే బన్ను కాలడానికి పావుగంట పైనే పడుతుంది. ఇక్కడ 100 డిగ్రీల ఆవిరిలో నాకు పన్నెండు నిమిషాలు పట్టింది. సగం వేడితో అంత తొందరగా ఎలా ఉడికింది? దీనికి జవాబు చెప్పాలంటే మిమ్మల్ని పాతపట్నం రైల్వే స్టేషనుకి తీసుకెళ్ళాలి.

నా చిన్నప్పుడు మా నాన్నది స్టేషను బయట టీ బడ్డీ. నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన లైను అది, 1931కి గుణుపురం చేరింది. ఇప్పుడు పెద్ద పట్టాలు పడ్డాయి, మీరు ఎక్కింది ఆ పెద్ద రైలే. అప్పట్లో బొగ్గింజను. అది స్టేషన్లో ఆగి పక్కనుంచి బుస్సుమని ఆవిరి వదిలితే మేం గుంటలమంతా కేకలేసుకుంటూ ఆ తెల్లటి మేఘంలోకి పరిగెత్తేవాళ్ళం. చొక్కాలు తడిసేవి. కాలేది కాదు, ఎందుకంటే దూరంగా ఉండేవాళ్ళం. దగ్గరికెళితే డ్రైవరు తిట్టే తిట్లు ఇక్కడ రాయను.

బడ్డీలో గాజు సీసా నిండా బన్నులుండేవి. పర్లాకిమిడి బేకరీ నుంచి వచ్చేవి, నెత్తిన నిగనిగలాడే ఎరుపుతో. వాటిని మేం తినేవాళ్ళమనుకుంటున్నారా? మాకు పొద్దున్న చోడి అంబలి, లేదా చద్దన్నం, ఉల్లిపాయ. బన్ను అమ్మకానికి. జ్వరమొస్తేనే ఒకటి దొరికేది, పాలలో ముంచి పెట్టేవారు. ఇప్పటికీ బన్ను వాసన తగిలితే నా చేయి నుదుటి మీదికి పోతుంది. ఈ వయసులో ఒంట్లో నలత లేకుండా, పొద్దున్నే కూర్చుని వేడి బన్ను తినడం నాకు ఎంత విడ్డూరంగా ఉందో మీకు తెలియదు.

సరే, రైలు. ఆ రైల్లో మా ఇంటికి నౌపడ నుంచి ఒక చుట్టం వచ్చేవాడు, మా నాన్నకి వరసకి బావ. నౌపడంటే ఉప్పు కొఠార్లు. ఆయన ఎప్పుడొచ్చినా నెత్తిన ఉప్పు మూట ఉండేది. ఇంట్లోకి రాగానే చేసే మొదటి పని మూట దించడం. ఆ తరవాతే కాళ్ళు కడుక్కోవడం, మంచినీళ్ళు తాగడం. ఆవిరి కూడా అచ్చం మా నౌపడ మావయ్యలాంటిదే.

ఎలాగంటే, పొయ్యి మీద నీళ్ళు మరిగే చోటు నౌపడ. అక్కడ నీరు నెత్తిన మూట పెట్టుకుంటుంది. ఆ మూట వేడి. ఎంత బరువో విను. 30 డిగ్రీల నీళ్ళు ఒక గ్రాము తీసుకుని 100 డిగ్రీలకి మరిగించడానికి 70 కేలరీలు చాలు. ఆ మరిగే గ్రాముని ఆవిరిగా మార్చడానికి మాత్రం ఇంకో 540 కావాలి. అంత తిన్నా ఆవిరి వేడి 100 దగ్గరే ఉంటుంది, థర్మామీటరు ఒక్క గీత కూడా కదలదు. మూట కనబడదన్నమాట. దీన్ని మీ పుస్తకాల్లో గుప్తోష్ణం అంటారు. గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన 1760 ప్రాంతాల్లో దీన్ని పట్టుకున్నాడు. ఆయనున్న విశ్వవిద్యాలయంలోనే పనిముట్లు బాగుచేసే జేమ్స్ వాట్ తరవాత ఆవిరి ఇంజన్లని మెరుగుపరిచాడు. మా చిన్న రైలు ఇంజనుకి వాళ్ళు తాతముత్తాతలు.

మూట నెత్తినేసుకుని ఆవిరి పైకొస్తుంది. ఇడ్లీ రేకు మీద చల్లటి పిండిముద్ద కూర్చుని ఉంది. చల్లటి గడప కనబడగానే చుట్టం మూట దించేస్తాడు. దించగానే ఆవిరి ఆవిరిగా ఉండదు, మళ్ళీ నీటిబొట్టవుతుంది. ఆ 540 కేలరీలూ ముద్దలోకి పోతాయి. ఒకరి వెనక ఒకరు, లెక్కలేనంతమంది నౌపడ మావయ్యలు. ఓవెన్లో వేడిగాలి అలాంటిది కాదు. అది సంతలో ఖాళీ చేతుల్తో తిరిగే మనిషి. తగులుతాడు, పలకరిస్తాడు, పోతాడు. ఇచ్చేది తక్కువ. అందుకే వేడి ఓవెను తలుపు తీసి లోపలి గాలిలో ఒక్క క్షణం చేయి పెట్టి తీసెయ్యగలం, ఇడ్లీ పాత్ర ఆవిరిలో పెట్టలేం.

మరి మూట దించేసిన చుట్టం ఏమవుతాడని చిన్నబాబు అడుగుతాడు, నాకు తెలుసు. బొట్టయి కిందికి జారి నౌపడ చేరతాడు, పొయ్యి మళ్ళీ మూట ఎత్తుతుంది, మళ్ళీ బయల్దేరతాడు. ముద్ద కూడా ఆవిరంత వేడెక్కిపోయిందనుకో, అప్పుడిక మూట దించడు. చల్లటి ఇల్లయితేనే దించుతాడు. ఇక్కడ నా పోలిక కొంచెం కుంటుతోంది. మా మావయ్య ఎండాకాలంలోనూ దించేవాడు. మామ్మ ఇది చదివి "నౌపడాయన్ని ఇంకెంతసేపు మోస్తావు?" అంటోంది. ఇదిగో, ఇక్కడ దించేస్తున్నాను.

దించే ముందు ఒకటి. నాకు ఈ మూట బరువు తెలిసింది పుస్తకంలో కాదు. వినాయక చవితికి మా అమ్మ ఆవిరికుడుములు చేసేది. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద మినప్పిండి పోసి, పైన మూత. ఉడికే వాసనకి నేను ఆగలేకపోయాను. "ఒరే గుంటడా, మూత తియ్యకు, సెయ్యి కాలిపోద్ది" అని పెరట్లోంచి అరుస్తూనే ఉంది, నేను తీసేశాను. మరిగే నీళ్ళు అంతకుముందు ఒకసారి చేతిమీద చిందాయి, చురుక్కుమంది, అంతే. ఇది వేరు. వచ్చిన చుట్టాలందరూ నా మణికట్టు మీదే మూటలు దించారు. అమ్మ సిరాబుడ్డి తెచ్చి చేతిమీద వంపేసింది, అప్పటి వైద్యం అది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. కాలితే కుళాయి కింద చల్లటి నీళ్ళధారలో ఇరవై నిమిషాలు పెట్టాలి, పెద్దవాళ్ళని పిలవాలి. మచ్చ ఇంకా ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ తొందర నాకింకా పోలేదు. మొన్న మొదటి వాయి బన్నులకి పొయ్యి కట్టేసిన మరుక్షణం మూత లాగేశాను. గుండ్రంగా ఉన్నవి కళ్ళముందే ముసలివాళ్ళలా ముడతలు పడిపోయాయి. లోపలి వేడిగాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుంది, బయటి చలిగాలి పైనుంచి నొక్కింది. పైగా మూత నుంచి బొట్లు పడి మచ్చలు. రెండో వాయికి మామ్మ మూతకి గుడ్డ కట్టింది, పొయ్యి ఆపాక అయిదు నిమిషాలు నన్ను వంటింట్లోకే రానివ్వలేదు. అవి బాగా వచ్చాయి. చీనా వాళ్ళు దీనికి వెదురు బుట్టలు వాడతారు. మూత కూడా వెదురుదే కాబట్టి నీటిని పీల్చుకుంటుంది, బొట్టు పడదు. ఉత్తర చీనాలో వరి కంటే గోధుమ ఎక్కువ, అక్కడ వాళ్ళకిది పొద్దుటి తిండి. లోపల ఏమీ పెట్టకపోతే మాంథౌ, కూర పెడితే బావోజి.

అంత దూరం ఎందుకు, మన పక్కనే ఉందిది. పర్లాకిమిడి దాటి కొండలెక్కితే, మోహన దగ్గర చంద్రగిరి. 1963లో టిబెట్టు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఊళ్ళు కట్టుకున్నారు. మొక్కజొన్న పండిస్తారు. పెద్ద బౌద్ధమఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. నేనూ మామ్మా ఒకసారి వెళ్ళాం. అక్కడొకావిడ మడతలు మడతలుగా పువ్వులా ఉన్న తెల్లటి ముద్ద పెట్టింది. టింగ్మో అన్నారు. మామ్మ తుంచి చూసి "ఇది మన ఆవిరికుడుముకి చెల్లెలే" అంది. వాళ్ళ లాసా నగరం ఎత్తు 3,600 మీటర్ల పైనే. అంత ఎత్తులో నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, ఆవిరీ అంతే వేడి. అక్కడ ముద్ద ఉడకాలంటే ఇంకాస్తసేపు కూర్చోవాలి. చంద్రగిరిలో అంత ఇబ్బంది లేదు. ఊరు వదిలి వచ్చినవాళ్ళకి ముద్దలు తొందరగా ఉడకడం ఓదార్పవుతుందా అని ఆ రోజు బస్సులో చాలాసేపు అనుకున్నాను.

ఇక మన బన్నులు. నేను బెల్లం పాకంలో, నువ్వులు చల్లుకుని తిన్నాను. మామ్మ అల్లం పచ్చడితో. రెండు తిన్నాక మామ్మ, "బాగానే ఉంది గానీ, ఇడ్లీ అయితే ఇంకో రెండు తిందును" అంది. పక్కింటి పిల్లాడికి ఒకటిస్తే గుడ్డుకూర పెట్టుకుని నడుచుకుంటూ తినేశాడు, తెల్లగా ఎందుకుందని అడగనేలేదు. నువ్వు అడిగావు. అందుకు నాకు లోలోపల కొంచెం గర్వం, ఆ పిల్లాడి ముందు బయటపడలేదు.

ఒక పని చెప్తాను, చెయ్యండి. ఇందాకట్నుంచి ఆవిరి ఆవిరి అంటున్నాను గానీ, మీరు ఆవిరిని ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేరు. తెల్లగా కనబడేది ఆవిరి కాదు, అప్పటికే గాలిలో మూట దించేసిన చుట్టాలు, సన్నటి నీటిబొట్లు. మేం స్టేషన్లో పరిగెత్తిందీ వాటిలోకే. రేపు అమ్మ కుక్కరు పెట్టినప్పుడు, ఇంకా వెయిటు పెట్టకముందు, ముక్కులోంచి బుస్సుమని వస్తుంది కదా, అప్పుడు అమ్మ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. ముక్కుకీ తెల్లటి పొగ మొదలయ్యే చోటుకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. గాజులా, ఏమీ లేనట్టు. ఆవిరి ఉండేది అక్కడ. మూటంతా అక్కడే.

ఆ ఖాళీ ఎంతుందో చూసి నాకు రాయండి. నేను బొటనవేలి వెడల్పంటున్నాను. మామ్మ చిటికెనవేలంతే అంటోంది. చలిరోజున ఒకసారి, ఎండ కాసిన రోజున ఒకసారి చూడండి, ఒకేలా ఉందో లేదో.

మీ తాత