"మెసేజ్ పెట్టాను సార్": నిర్మాణ సైట్లలో సందేశాలపై అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో మధురవాడ మొదలుకొని కూర్మన్నపాలెం వరకు పలు సైట్లలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. కట్టిన గోడ పడగొట్టవలసి వచ్చినా, పోసిన కాంక్రీటు చెక్కవలసి వచ్చినా, కారణం అడగగానే నాకు వినిపించే మొదటి మాట "మెసేజ్ పెట్టాను సార్" అన్నదే. గత నెలలో కూడా ఒక యువ ఇంజనీరు ఫోను తెరిచి, రెండు టిక్కులు చూపించి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, పనిలో అశ్రద్ధ చూపినవాడూ కాదు. అతనికి ఎవరూ నేర్పని విషయాన్ని, అతనిలా భయపడుతూ ఉద్యోగం చేస్తున్న మరికొందరి కోసం కూడా, ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మెసేజ్ పంపితే సమాచారం చేరినట్టే.

వాస్తవం: ఎస్‌ఎంఎస్ నేరుగా అవతలి మనిషికి వెళ్లదు. అది ముందుగా ఆపరేటరు సందేశ కేంద్రానికి చేరి, అవతలి ఫోను సిగ్నల్‌లోకి వచ్చేదాకా అక్కడే నిలిచి ఉంటుంది. సెల్లారులో సెంట్రింగ్ సరిచేస్తున్న మేస్త్రికి పొద్దున పంపిన మార్పు మధ్యాహ్న భోజనానికి పైకి వచ్చినప్పుడు అందడం మన సైట్లలో మామూలే. వాట్సాప్‌లో రెండు టిక్కులకు అర్థం సందేశం ఫోనుకు చేరిందని మాత్రమే. గ్రూపులో అయితే సభ్యులందరూ తెరిచిన తరువాతే అవి నీలంగా మారతాయి. తెరిచిన వ్యక్తి చదివాడో లేదో, చదివినా ఏ అంతస్తు గురించో గ్రహించాడో లేదో ఆ నీలం రంగు చెప్పదు.

కొన్నేళ్ల క్రితం ఎండాడ దగ్గర ఒక అపార్టుమెంటులో బాల్కనీల పైభాగంలో వేసే కమ్మీల (పై స్టీలు) మధ్య దూరాన్ని 150 మిల్లీమీటర్ల నుంచి 100కి మార్చుతూ డిజైనరు సవరించిన డ్రాయింగు ఇచ్చారు. ఒకవైపే ఆధారం ఉండి బయటికి చాచిన బాల్కనీలో లాగే బలం పైభాగంలోనే పుడుతుంది కనుక, అక్కడ కమ్మీలు తగ్గితే కింద ఎంత స్టీలు ఉన్నా అక్కరకు రాదు. ఆ మార్పును రాత్రి పొద్దుపోయాక అరవైమంది ఉన్న గ్రూపులో పెట్టారు. దాని మీద సిమెంటు లోడు ఫొటోలు, హాజరు పట్టికలు, శుభోదయాలు వచ్చి పడ్డాయి. కమ్మీలు కట్టే మేస్త్రి ఒడిశాలోని గంజాం జిల్లావాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. తెల్లవారి తనిఖీకి వచ్చిన కుర్రవాడి చేతిలో పాత డ్రాయింగే ఉంది. కాంక్రీటు పోశారు. మూడో రోజు పోతకు ముందు తీసిన ఫొటోలు చూస్తూ కమ్మీలు లెక్కపెట్టినప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు. రెండు బాల్కనీలు చెక్కించాము. కాంట్రాక్టరు, కన్సల్టెంటు, ఇంజనీరు ముగ్గురూ అదే మెసేజ్‌ను నాకు చూపించారు. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను, నేనూ చదవలేదు.

ఆ తరువాత మా సైట్లలో పద్ధతి మార్చాము. సవరణ గ్రూపులో పెట్టినా, పని చేసే వ్యక్తికి విడిగా మళ్లీ పంపాలి. అతను "ఓకే సార్" అనో బొటనవేలి గుర్తుతోనో సరిపెట్టకుండా, కొలతను తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ జవాబు వచ్చేదాకా సమాచారం చేరనట్టే లెక్క. సందేశం కూడా ఇలా ఉండాలి: "పోత ఆపండి. బి బ్లాకు 4వ శ్లాబు బాల్కనీ. పై స్టీలు 10 ఎంఎం, 100కి ఒకటి. డ్రాయింగు ఆర్2. ఉదయం 7 లోగా జవాబు." ఆర్2 అంటే ఆ డ్రాయింగుకు రెండో సవరణ. చేయవలసిన పనిని మొదటే రాయడానికి కారణం ఉంది. ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కలోకి వస్తాయి కనుక "శ్లాబు" అన్న చిన్న మాటకే ఆరు ఖర్చవుతాయి. అంతకు మించితే సందేశం ముక్కలుగా వెళుతుంది, ఒక ముక్క ఆలస్యమైతే అసలు కొలతే దానిలో ఉండిపోవచ్చు.

పోత రోజున మాత్రం ముందు ఫోను చేసి, తరువాతే మెసేజ్ పెట్టాలి. రెడీమిక్స్ లారీలో లోడు చేసిన రెండు గంటల్లోగా కాంక్రీటు దించాలని రెడీమిక్స్‌కు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 చెబుతున్నప్పుడు, టిక్కు రంగు మారేదాకా వేచి చూసే వ్యవధి ఎవరికీ ఉండదు. "మళ్లీ అడిగితే పెద్దసారు కోప్పడతారు" అని చిన్న ఇంజనీర్లు ఆగిపోతుంటారు. బాల్కనీ చెక్కించే రోజున ఆ పెద్దసారు మొహం చూసినవాడిని కనుక చెబుతున్నాను, అడగండి.

అపోహ: మెసేజ్‌లకు చట్టంలో విలువ లేదు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్ రికార్డులను గుర్తిస్తోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం మెసేజ్‌ను కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే తగిన ధ్రువపత్రం జతచేయాలి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అయితే గడువు పొడిగింపు నోటీసు లేఖగానే ఇవ్వాలని మీ ఒప్పందంలో ఉంటే, మెసేజ్ దానికి బదులు కాదు.

అపోహ: చదువు రాని కూలీలకు మెసేజ్‌లు పనికిరావు.

వాస్తవం: వాయిస్ మెసేజ్ పంపించి, జవాబు కూడా వాయిస్‌లోనే తీసుకోండి. ఒడియా, హిందీ మాట్లాడేవారికి వారి మేస్త్రి చేత చెప్పించండి.

అపోహ: ఫోనులో అన్నీ ఉన్నాయి కనుక రిజిస్టరు అక్కర్లేదు.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తరువాత ఈ ఊరిలో కొన్ని రోజులు ఫోన్లు మోగలేదు. వాట్సాప్‌లో సందేశాలు వాటంతటవే చెరిగిపోయే అమరికను ఎవరైనా 24 గంటలకు పెట్టి ఉంటే, మరునాటికి మీ రుజువే మిగలదు. మా సైట్లలో సాయంత్రం ఆరు గంటలకు ఆనాటి సవరణ సందేశాలను సమయంతో సహా సైట్ ఆర్డర్ బుక్‌లోకి ఎక్కించి, పంపినవారూ అందుకున్నవారూ పక్కపక్కనే సంతకం చేస్తారు. సంతకం చేయలేని మేస్త్రి వేలిముద్ర వేస్తాడు.