నిండా గాలి ఉన్నా నెమ్మదించే తుపాకీ

నిండా గాలి నింపిన ఒక పాత పీసీపీ ఎయిర్ రైఫిల్‌తో వరసగా ముప్పై పెల్లెట్లు పేల్చి, ఒక్కోదాని వేగం కాగితం మీద రాసుకుంటూ పోతే చాలాసార్లు ఒక వింత కనిపిస్తుంది. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఉన్నప్పుడు వెళ్లిన మొదటి పెల్లెట్ కంటే, పది షాట్ల తర్వాత వెళ్లినది వేగంగా వెళ్తుంది. లోపల గాలి తగ్గుతోంది, బయట వేగం పెరుగుతోంది. కొంతసేపు ఆ వేగం నిలకడగా ఉండి, ఆ తర్వాతే పడిపోవడం మొదలవుతుంది. ఆ అంకెల్ని గ్రాఫ్ మీద పెడితే చిన్న గుట్టలా ఉంటుంది. ఒక పక్క ఎక్కుడు, పైన కాస్త చదును, రెండో పక్క దిగుడు.

పాత రైఫిల్‌ని ఇంట్లో ట్యూన్ చేసుకోవాలనుకునేవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ గుట్టను అర్థం చేసుకోవాలి. స్ప్రింగు మార్చినా, గాలి దారి పెద్దది చేసినా, ఒత్తిడిని ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్ బిగించినా, చివరికి మనం చేసేది దీని ఆకారాన్ని మార్చడమే.

పీసీపీ అంటే ప్రీ-చార్జ్‌డ్ న్యుమాటిక్, ముందే గాలి కూరి పెట్టుకునే రకం. ఈ ఆలోచన చాలా పాతది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్డోని ఎయిర్ రైఫిల్‌కి భుజానికి ఆనించే వెనక భాగమే గాలి సీసా. దాన్ని నింపాలంటే పంపు సుమారు 1500 సార్లు కొట్టాల్సి వచ్చేది. 1804లో అమెరికా పశ్చిమానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం దగ్గర కూడా ఒక ఎయిర్ రైఫిల్ ఉంది. నేటి రైఫిల్‌లో లోహాలు మారాయి, ఒత్తిడి కొన్ని రెట్లు పెరిగింది. లోపలి నాటకం మాత్రం అదే: గాలి, దాన్ని ఆపే వాల్వు, ఆ వాల్వును కొట్టే సుత్తి.

ఆ వాల్వు సంగతి చూద్దాం. అది కూర్చునే రంధ్రం వ్యాసం 6 మిల్లీమీటర్లు అనుకుందాం, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. 200 బార్లంటే చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు. లెక్క వేస్తే ఆ చిన్న మూత మీద సుమారు 565 న్యూటన్ల బలం ఉంటుంది, అంటే దాదాపు 58 కిలోల బరువు. వాల్వు మూసుకుని ఉండటానికి వెనక ఉన్న బుల్లి స్ప్రింగు కంటే ఈ గాలే పెద్ద కారణం. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్, అంటే లోపలి సుత్తి, స్ప్రింగు బలంతో దూసుకొచ్చి వాల్వు కాడను కొడుతుంది. అన్ని కిలోల బరువును ఒక్క క్షణం పక్కకు నెడుతుంది. గాలి ఒక్క గుక్క బయటికి దూకుతుంది. వాల్వు మళ్లీ మూసుకుంటుంది.

సుత్తి దెబ్బ ప్రతిసారీ ఒకటే. మారేది దానికి ఎదురు నిలిచే బరువు. 200 బార్ల దగ్గర 58 కిలోలు, 120 బార్ల దగ్గర 35 కిలోలు. నిండుగా ఉన్నప్పుడు వాల్వు కొంచెమే తెరుచుకుని చటుక్కున మూసుకుంటుంది. ఒత్తిడి ఎక్కువే అయినా గుక్క చిన్నది. ఒత్తిడి తగ్గేకొద్దీ వాల్వు ఇంకాస్త ఎక్కువ లేస్తుంది, ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. మధ్యలో ఒక చోట ఈ రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. గాలి బలం తగ్గినంతా వాల్వు తెరిచి ఉండే సమయం పూడుస్తుంది. గుట్ట మీది చదును అంటే ఇదే. ఎలక్ట్రానిక్స్ లేవు, రెగ్యులేటర్ లేదు. ఒక సుత్తి, ఒక మూత తమంతట తామే వేగాన్ని నిలబెడుతున్నాయి. నాకు ఈ యంత్రం మీద ఇష్టం కలగడానికి ఇదే కారణం.

ఇది తెలియక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత రైఫిల్‌లో హ్యామర్ స్ప్రింగు ఏళ్ల తరబడి నలిగి సత్తువ కోల్పోతుంది. దాంతో గుట్ట మొత్తం తక్కువ ఒత్తిడి వైపు జరిగిపోతుంది. నిండా నింపినప్పుడు షాట్ నీరసంగా వస్తుంది. గాలి చాలడం లేదేమో అని యజమాని ఇంకా నింపుతాడు. వాల్వు ఇంకా బిగుసుకుపోతుంది, షాట్ ఇంకా నీరసిస్తుంది. దీన్నే వాల్వు లాక్ అంటారు. అక్కడ చేయాల్సింది ఇంకా గాలి నింపడం కాదు, తక్కువ నింపి చూడటం. 200కి బదులు 170 దగ్గర ఆపితే అదే రైఫిల్ చక్కగా పలకవచ్చు. తయారీదారు చెప్పిన గరిష్ఠ ఒత్తిడిని దాటడం ఎప్పుడూ తప్పే. ఇక్కడ దానివల్ల ప్రయోజనం కూడా లేదు.

నిజానికి పెల్లెట్‌కి కావలసిన గాలి ఎంత తక్కువో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక గ్రాము పెల్లెట్ సెకనుకు 178 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి దాదాపు 16 జౌళ్లు. బారెల్ పొడవు 50 సెంటీమీటర్లయితే, ఆ పొడవునా సగటున 32 న్యూటన్ల బలం చాలు. 5.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వెనక అంత బలం రావాలంటే సగటు ఒత్తిడి 14 బార్లలోపే. ఘర్షణ కోసం ఇంకొంచెం కలుపుకోండి. సిలిండర్‌లో 200 ఉన్నా పని జరిగేది ఒక చిన్న గుక్కతోనే. ఆ గుక్క ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ట్యూనింగ్ అంటే నా దృష్టిలో అంతే. శక్తి పెంచడం దాని లక్ష్యం కాదు.

శక్తి విషయంలో చట్టం కూడా ఉంది. జర్మనీలో లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగే ఎయిర్ రైఫిల్‌కి పరిమితి 7.5 జౌళ్లు. ఇంగ్లండ్‌లో 12 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 16.3 జౌళ్లు. దాటితే అది అసలు తుపాకుల కిందకి వస్తుంది. ఏ దేశంలో ఉన్నా తన పరిమితి తెలుసుకోకుండా హ్యామర్ స్ప్రింగు ముట్టుకోకూడదు. పైగా పీసీపీలో బరువైన పెల్లెట్ వాడితే శక్తి సాధారణంగా పెరుగుతుంది. తేలిక పెల్లెట్‌తో పరిమితిలో ఉన్న రైఫిల్ బరువైన దానితో గీత దాటవచ్చు. అందుకే కొలిచేటప్పుడు రెండు రకాలతోనూ కొలవాలి.

కొలవడానికి క్రోనోగ్రాఫ్ కావాలి. రెండు సెన్సర్ల మధ్య దూరాన్ని పెల్లెట్ ఎంతసేపట్లో దాటిందో చూసి వేగం చెప్పే పరికరం అది. ఇది లేకుండా ట్యూనింగ్ మొదలుపెట్టడం థర్మామీటర్ లేకుండా జ్వరం ఎంతుందో చెప్పడం లాంటిది. గాలి నింపాక కాసేపు ఆగాలి. నింపేటప్పుడు గాలి వేడెక్కుతుంది. 50 డిగ్రీల దగ్గర 200 బార్లు చూపించిన సిలిండర్ 25 డిగ్రీలకి చల్లారేసరికి 185కి దిగిపోతుంది. చల్లారాక ఒకే డబ్బాలోని పెల్లెట్లతో, ఏ షాటూ వదలకుండా వరసగా వేగం రాసుకోవాలి. మొదట్లో ఒత్తిడి ఎంత, చివర్లో ఎంత అన్నదీ రాయాలి. వేగం పెద్దగా మారని భాగం ఏ ఒత్తిడి దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తోందో అప్పుడు తెలుస్తుంది. ఆ మధ్యలోనే వాడుకుంటే రైఫిల్‌కి ఏ మార్పూ అక్కర్లేకపోవచ్చు కూడా.

సెకనుకు కొన్ని మీటర్ల తేడాకి ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. 40 మీటర్ల దూరానికి, పైన లెక్కలో చూసిన 178 మీటర్ల వేగపు పెల్లెట్ సుమారు పావు సెకను గాలిలో ఉంటుంది. ఆలోగా పాతిక సెంటీమీటర్లకు పైగా కిందికి జారుతుంది. వేగం సెకనుకు 5 మీటర్లు తగ్గితే ఆ జారుడు ఇంకో ఒకటిన్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. చేయి ఎంత స్థిరంగా ఉన్నా ఆ తేడాను సరిచేయలేదు.

ఇక విప్పడం. నాకు నిజంగా భయం ఉన్న చోటు ఇదే, ఆ భయం ఉండటం మంచిదే. 200 సీసీల సిలిండర్‌లో 200 బార్ల గాలి ఒక్కసారిగా బయటపడితే విడుదలయ్యే శక్తి సుమారు 7,800 జౌళ్లు. 80 కిలోల మనిషి పది మీటర్ల ఎత్తు నుంచి పడితే ఎంతో అంత. కాబట్టి ఏ స్క్రూ కదిపే ముందైనా గాలి పూర్తిగా ఖాళీ చేయాలి. ఆ మోడల్‌కి తయారీదారు చెప్పిన పద్ధతిలోనే ఖాళీ చేయాలి. మీటర్ సున్నా చూపిస్తోంది కదా అని నమ్మకూడదు. 1849లో యూజీన్ బూర్డాన్ కనిపెట్టిన వంకర గొట్టపు సూత్రం మీదే చాలా మీటర్లు ఇప్పటికీ పనిచేస్తాయి. పాతబడితే ముల్లు ఇరుక్కుపోతుంది. ఏదైనా మర తిప్పుతుంటే మామూలు కంటే గట్టిగా అనిపిస్తే లోపల ఇంకా గాలి ఉండవచ్చు. అక్కడితో ఆగిపోవాలి.

సిలిండర్ గోడను గీకడం, పాలిష్ పేరుతో పలచన చేయడం, కొత్త రంధ్రం వేయడం ఇంట్లో చేసే పనులు కావు. లోపలి వ్యాసం 26 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు ఉన్న గొట్టంలో 200 బార్ల దగ్గర లోహం మీద పడే లాగుడు చదరపు మిల్లీమీటరుకి దాదాపు 87 న్యూటన్లు. ఒక్క మిల్లీమీటరు తగ్గిస్తే అది 130 అవుతుంది. ప్రతి నింపుడుతో లోహం కొద్దికొద్దిగా అలసిపోతుంది కూడా. ఒలింపిక్ తరహా పోటీల్లో తయారై పదేళ్లు దాటిన గాలి సిలిండర్లను అనుమతించరు. పాత రైఫిల్ కొన్నవాళ్లు మొదట చూడాల్సింది భుజానికి ఆనించే కట్టె అందాన్ని కాదు, సిలిండర్ మీది తేదీని.

నూనె గురించీ చెప్పాలి. గాలిని 1 బార్ నుంచి 200 బార్లకి ఒక్కసారిగా, వేడి బయటికి పోనీయకుండా నొక్కితే సిద్ధాంతపరంగా అది వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నింపేటప్పుడు అంత వేడి రాకపోయినా, అధిక ఒత్తిడి ఉన్న చోట మామూలు యంత్ర నూనె పడితే అంటుకునే ప్రమాదం ఉంది. గాలి బయటికి పోకుండా ఆపే సీళ్లకి సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ పలచగా. గాలి బదులు ఆక్సిజన్ సిలిండర్ కలపడం ప్రాణాంతకం.

పాత రైఫిల్‌లో అన్నిటికంటే ముందు మార్చాల్సినవి ఓ-రింగులు. నీల్స్ క్రిస్టెన్సన్‌కి 1939లో అమెరికా పేటెంట్ వచ్చిన ఈ రబ్బరు ఉంగరం పనితీరు చాలా తెలివైనది. గాడిలో కొంచెం నలిగి కూర్చుంటుంది. ఒత్తిడి రాగానే ఆ ఒత్తిడే దాన్ని సందు వైపు నెట్టి ఇంకా గట్టిగా మూయిస్తుంది. అయితే రబ్బరుకి సాగే గుణం ఉన్నంతకాలమే ఈ పని జరుగుతుంది. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాద విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మాన్ ఒక రబ్బరు ముక్కను ఐసు నీళ్లలో ముంచి, చల్లబడితే అది వెంటనే మునుపటి ఆకారానికి రాదని అందరి ముందూ చూపించాడు. పాత రైఫిల్‌లో ఆ పని చలి బదులు వయసు చేస్తుంది. బయటికి తీసిన ఉంగరం గుండ్రటి కోతకి బదులు ఒక పక్క చదునుగా కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. కొత్తది వేసేటప్పుడు మర అంచులు దాన్ని కోయకుండా చూడాలి. బాగుచేసిన రైఫిల్ మళ్లీ లీకవడానికి ఆ చిన్న కోతే తరచూ కారణం.

తేమ కూడా పాత రైఫిళ్లకి శత్రువే. 200 సీసీలలో 200 బార్లంటే బయటి గాలి సుమారు 40 లీటర్లు. ఉక్క రోజున, 30 డిగ్రీల దగ్గర, ఆ 40 లీటర్లలో ఒక గ్రాము వరకూ నీటి ఆవిరి ఉంటుంది. నొక్కేసిన గాలిలో అది ఆవిరిగా ఉండటానికి చోటు చాలదు, దాదాపు అంతా నీరవుతుంది. కొంత పంపులోనే ఆగినా మిగిలింది సిలిండర్‌లోకి వెళ్తుంది. ఏళ్ల తరబడి చేతి పంపుతో, తేమ పీల్చే ఫిల్టర్ లేకుండా నింపిన రైఫిల్ వాల్వు విప్పితే తుప్పు ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

సీళ్లు, శుభ్రం అయ్యాకే హ్యామర్ సంగతి. స్ప్రింగు బిగింపు పెంచితే గుట్ట ఎక్కువ ఒత్తిడి వైపు, తగ్గిస్తే తక్కువ ఒత్తిడి వైపు జరుగుతుంది. ఒకసారికి పావు మలుపు, తర్వాత మళ్లీ పూర్తి వరస కొలత. ఓపిక పరీక్షించే పని ఇది. మరీ బలమైన స్ప్రింగు పెడితే హ్యామర్ వాల్వును కొట్టి, ఎగిరి, మళ్లీ వచ్చి కొడుతుంది. పెల్లెట్ అప్పటికే వెళ్లిపోయింది. బారెల్‌లో అది ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. ఆ రెండో దెబ్బతో పోయిన గాలి పూర్తిగా వృథా. స్ప్రింగును చివరి కాస్త దూరంలో హ్యామర్‌ని తాకకుండా వదిలేస్తే ఈ ఎగురుడు బాగా తగ్గుతుంది. ఒక్క నింపుడులో వచ్చే షాట్లు పెరుగుతాయి.

రెగ్యులేటర్ కావాలా వద్దా అన్నది వేరే నిర్ణయం. 1867లో జూలియన్ బెల్‌విల్ పేటెంట్ తీసుకున్న గిన్నె ఆకారపు ఉక్కు బిళ్లలు వరసగా పేర్చి, సిలిండర్‌లో ఎంతున్నా వాల్వు ముందు మాత్రం, ఉదాహరణకు, 120 బార్లే ఉండేలా చేస్తుంది అది. గుట్ట దాదాపు బల్లలా చదునైపోతుంది. కానీ అది చోటు తింటుంది. దానికీ సీళ్లుంటాయి, అవీ పాతబడతాయి. మెల్లగా లీకైతే కాసేపు ఊరికే ఉంచిన రైఫిల్ మొదటి షాట్ తేడాగా వస్తుంది. పాత రైఫిల్‌ని దాని సహజ గుట్టతోనే ముందు బాగుచేసుకోవాలని నా అభిప్రాయం. రెగ్యులేటర్ పెట్టాక లోపం ఎక్కడుందో కనిపెట్టడం రెట్టింపు కష్టం.

ట్రిగ్గర్‌ని మరీ తేలిక చేయకూడదు. కుదుపుకే జారిపోయే ట్రిగ్గర్ వల్ల ఎవరికైనా గాయం కావచ్చు. కట్టెలో మాత్రం చెంప ఆనే ఎత్తు, భుజానికి దూరం మీ ఒంటికి తగ్గట్టు ధైర్యంగా మార్చుకోవచ్చు.

అన్నీ అయ్యాక రెండు మూడు రకాల పెల్లెట్లతో కాగితం మీద పడిన రంధ్రాల గుంపులు చూసి, అవి బాగా దగ్గరగా పడిన దానితో గురి చూసే స్కోప్ మళ్లీ సరిచేసుకోవాలి. చివరగా ఒక చిన్న కాగితం ముక్క మీద "175 నుంచి 115, 24 షాట్లు" లాగా మీ రైఫిల్ చెప్పిన అంకెలు రాసి, తేదీ వేసి, కట్టెకి లోపలి వైపు అతికించండి. ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఆ గుట్ట ఎటు జరిగిందో చూస్తే, మొదట ఏ భాగం విప్పాలో తెలుస్తుంది.